ప్రొజెక్టర్ కొనేముందు చీకటి చూసుకోండి

ప్రొజెక్టర్ కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, బొమ్మ ఎంత పెద్దది పడుతుందని. చూసేవాళ్లెవరో, ఎంత దూరంలో కూర్చుంటారో, ఆ గదికి కిటికీలు ఎటున్నాయో, మధ్యాహ్నం కరెంటు ఏ వేళకి తీస్తారో తమంతట తాము చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. అవి మనమే అడగాలి. అడిగితే కొందరికి విసుగు. "మిషను అమ్ముతున్నారా, పెళ్లి సంబంధం చూస్తున్నారా?" అని ఒకాయన నన్ను దెప్పారు. రెండూ ఒకటేనండీ, ఇంటికి తెచ్చుకున్నాక మార్చుకోవడం కష్టం అన్నాను.

అమలాపురంలో టీవీలు, వీడియోలు, ఆ తర్వాత ప్రొజెక్టర్లు అద్దెకివ్వడం, అమ్మడం, బిగించడం నా పని. ఇప్పుడు మానేశాను. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్నవాళ్లు ఒకరిద్దరు వచ్చి ఏ కంపెనీది మంచిదని అడుగుతున్నారు. కంపెనీల పేర్లు నాకు పెద్దగా గుర్తుండవు. గుర్తున్నా ఆ మిషన్లు ఈపాటికి దొరకవు. నాకు మనుషులు గుర్తున్నారు. ఏ మనిషి ఏ గదిలో కూర్చుని ఏం చూడబోయి చూడలేకపోయాడో గుర్తుంది. అదే రాస్తాను. ఒక చోట నుంచి ఇంకో చోటికి పోతుంటాను, సర్దుకోండి. కుదురుగా ఒక చోట ఉండడం ఈ పని నాకు నేర్పలేదు.

ఫ్యాను చప్పుడు

తొంభైల్లో మా ఆయన పెళ్లిళ్లకి వీడియో తీసేవారు. ఆ క్యాసెట్లు రాజుగారి వీడియో షాపులో ఇచ్చి రావడానికి వెళ్లి వెళ్లి, చివరికి అక్కడే క్యాసెట్లు వెనక్కి తిప్పే పనికి కుదిరాను. రాజుగారి దగ్గర మూడు కళ్ల ప్రొజెక్టర్ ఉండేది. ఎరుపు ఒక కంట్లోంచి, ఆకుపచ్చ ఒక కంట్లోంచి, నీలం ఒక కంట్లోంచి వెళ్లి తెర మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. దాన్ని లేపడానికి నలుగురు కావాలి. వ్యానులో రాజోలు దాకా తీసుకెళ్లి, అరపూట కూర్చుని ఆ మూడు రంగులూ కలిపి, హమ్మయ్య అనుకునేలోగా ఎవరి మోకాలో బల్లకి తగిలేది. పెళ్లికొడుక్కి మూడు ముక్కులు వచ్చేవి. ఆడపెళ్లివారు నవ్వేవారు, మగపెళ్లివారు నా వంక చూసేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక చేత్తో పట్టుకెళ్లే చిన్న ప్రొజెక్టర్లు వచ్చాయి. ఒక్కటే కన్ను, లోపల ఒక్కటే బల్బు. ఆ బల్బు పొయ్యిలా కాగుతుంది. దాన్ని చల్లార్చడానికి చిన్న ఫ్యాను ఉంటుంది. మిషను ఆపాక కూడా ఆ ఫ్యాను కాసేపు తిరిగి, తనంతట తాను ఆగాలి. కరెంటు పోయిందంటే ఫ్యాను టక్కున ఆగిపోతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. బల్బు నల్లబడుతుంది, ఒక్కోసారి పగులుతుంది. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. అందుకని ఎక్కడ మిషను పెట్టినా నా చెవి ఆ ఫ్యాను మీద ఉండేది. విందులో కూర్చోబెట్టి వడ్డిస్తే సగంలో లేచేదాన్ని. వేసిన సినిమా ఒక్కటీ మొదటినుంచి చివరిదాకా చూడలేదు. ఇప్పటికీ ఎక్కడన్నా ప్రొజెక్టర్ వెలుగుతుంటే అందరూ బొమ్మ వైపు కూర్చుంటారు, నేను మిషను వైపు తిరిగి కూర్చుంటాను.

రాజుగారి దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. "సత్యవతమ్మా, ముందు వాళ్లని చీకటి కొనుక్కోమను, తర్వాత మనం వెలుగు అమ్ముదాం" అనేవారు. అంటే గదికి కర్టెన్లు వేసుకోమని. చీకటి బాగా కుదిరిన గదిలో చవక మిషను కూడా బాగా పలుకుతుంది. ఎండ పడే గదిలో ఎంత ఖరీదైనదైనా తేలిపోతుంది. ఇది నూటికి నూరుపాళ్లూ నిజం.

ఆయనలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. బల్బు ఎప్పుడో ఒకప్పుడు మార్చాలని, దానికయ్యే ఖర్చు మామూలుగా ఉండదని అమ్మేటప్పుడు చెప్పేవారు కాదు. "ఇప్పుడే చెప్తే భయపడతారమ్మా" అనేవారు. భయపడాల్సిన చోట భయపడనివ్వాలని నా అభిప్రాయం. నేను సొంతంగా షాపు పెట్టుకున్నాక బల్బు మాట ముందు చెప్పి, బొమ్మ మాట తర్వాత చెప్పాను. కొన్ని బేరాలు పోయాయి. పోనిచ్చాను.

నీలిమందు గోడ

కొత్తపేటలో పెద్దమనుషుల క్లబ్బు ఒకటి. పేకాట, కారంస్, సాయంత్రం టీ. క్రికెట్ మ్యాచి పెద్దగా చూడాలని సరదా పడి, హైదరాబాదు వెళ్లిన ఒక సభ్యుడి చేత ప్రొజెక్టర్ తెప్పించుకున్నారు. అట్టపెట్టె మీద వెలుగు అంకె చాలా పెద్దది. ఆ అంకె చూసే కొన్నారు. బిగించడానికి నన్ను పిలిచారు.

వెళ్లేసరికి హాలుకి కాలవ వైపు ఆరు కిటికీలు, ఒక్కదానికీ రెక్క సరిగ్గా పడదు. అదొకటి. రెండోది, మిషను వస్తోందని ఆ ముందు రోజే గోడకి సున్నం వేయించారు. తెల్లగా మెరవాలని సున్నంలో నీలిమందు రెండింతలు కలిపించారు. మన ఇళ్లలో పంచెలకి వేసినట్టే. మధ్యాహ్నం మ్యాచి. కాలవ మీద ఎండ కిటికీల్లోంచి గోడ మీద కదులుతోంది. ఆటగాళ్లు పల్చటి మజ్జిగలో తేలుతున్నట్టున్నారు. సాయంత్రమై కాస్త చీకటి పడ్డాక బొమ్మ తేరుకుంది. అప్పుడు చూస్తే మనవాళ్ల మొహాలన్నీ నీలంగా ఉన్నాయి, గ్యాసు పొయ్యి మంటలాగ.

సెక్రటరీగారు నా పక్కకొచ్చి మెల్లిగా, "మనవాళ్లకి ఏమైనా జబ్బు చేసిందాండీ?" అన్నారు.

"మీ గోడకి చేసిందండీ" అన్నాను.

మరో సున్నం వేయించుకోమన్నాను, నీలిమందు లేకుండా. అంతా కలిసి అంత ఖరీదు పెట్టి కొన్న మిషను కోసం మళ్లీ గోడ పాడుచేసుకోవడమేంటని ఒకాయన, గోడ బానే ఉంది మిషనే మంచిది కాదని ఇంకొకాయన. ఆ మ్యాచి ఓడిపోవడంతో గొడవ సర్దుమణిగింది. కొత్తవాళ్లు ఇందులో పట్టుకోవాల్సింది ఒకటుంది. అట్టపెట్టె మీది అంకె తెల్ల రంగు ఎంత వెలుగుతుందో చెబుతుంది. ఎరుపు ఎరుపులా ఉంటుందో లేదో చెప్పదు. కొనేముందు షాపువాడు వేసే బొమ్మ చూడకండి. మీరు ఇంట్లో ఏం చూస్తారో అది పట్టుకెళ్లి, అదే వేయించుకోండి.

బండారులంక నుంచి పిలుపు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బండారులంకలో చేనేతవాళ్ల సంఘం ఉంది. దాని ప్రెసిడెంటు భాస్కర్రావుగారు ఒక రోజు షాపుకి వచ్చి, మీటింగులకి, మ్యాచులకి పనికొచ్చే మిషను తక్కువలో కావాలన్నారు. ఎవరు చూస్తారని అడిగాను. సంఘంలో వాళ్లందరూ అన్నారు. లేచి వెళ్లబోతూ, "అసలు సూరన్నగారి కోసం అనుకున్నామండీ" అన్నారు. మళ్లీ కూర్చోబెట్టాను.

సూరన్నగారు ముప్పై ఏళ్లు మగ్గం నేసి, ఆ తర్వాత అంచులకీ పైటలకీ డిజైన్లు గీయడంలోకి వచ్చిన పెద్దాయన. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ రంగుతో నింపుతారు. ఆ కాగితం చూసి అట్టలకి కన్నాలు కొడతారు. ఆ అట్టల ప్రకారం మగ్గం మీద దారాలు లేస్తాయి. ఒక గడి తప్పు పడితే ప్రతి చీర మీదా ఆ తప్పు పడుతుంది. ఆయనకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కన్ను మసకేసింది. ఆ చూపు ఇక పెరగదని, పెద్దగా ఉన్నది దగ్గరగా పెట్టుకుంటే కనపడుతుందని కాకినాడలో చెప్పి పంపేశారు.

సంఘం వాళ్లు వచ్చే సీజను డిజైన్లు ఇవ్వాలి. సూరన్నగారు గీయలేకపోతే ఆ పని కంప్యూటర్ మీద చేసే బయటివాళ్లకి ఇచ్చేయాలని సగం మంది పట్టు. భాస్కర్రావుగారు వాళ్లని ఆపి ఉంచారు. ఎన్నాళ్లో ఆపలేరు. ఆయన చేతిలో సగం అయిన పైట ఒకటి ఉంది, పడవల తెరచాపలు వరసగా వచ్చే పైట. అది పూర్తి చేస్తే ఆ పని ఆయనకి ఉంటుంది. చేయలేకపోతే ఆయన ఇంట్లో కూర్చోవాలి. చిన్నప్పటి నుంచి పనిలో ఉన్న మనిషి.

ఇది విన్నాక నాకు కాలు నిలవలేదు. మర్నాడే షాపులో ఉన్న వాటిలోకి ఎక్కువ వెలుగునిచ్చే కొత్త మిషను, మా ఆయన వీడియో కెమెరా పట్టుకుని బస్సెక్కాను. కెమెరాని స్టాండుకి బిగించి గళ్ల కాగితం మీదకి వంచి, పక్కన చిన్న టేబుల్ లైటు పెట్టి, వైరు ప్రొజెక్టర్‌కి కలిపితే కాగితం మీద ఏముందో అదే గోడ మీద పెద్దగా పడుతుంది. సంఘం హాలు తలుపులు మూసి వేశాను. కంది గింజంత గడి అరచేతంత అయింది. అందరూ బాగుంది బాగుంది అన్నారు.

సూరన్నగారు బెంచీ మీద నుంచి చూసి, మసగ్గా ఉందన్నారు. దగ్గరికి వెళ్లమన్నాం. ఆయన గోడ దగ్గరికి వెళ్లారు. వెళ్లగానే ఆయన నీడ బొమ్మ మీద పడి, చూడాలనుకున్న చోటే నల్లగా అయిపోయింది. పక్కకి జరిగితే నీడ కూడా జరిగింది. వంగి చూశారు, ఒరిగి చూశారు. ఆయన భార్య మంగమ్మగారు గుమ్మంలో నుంచుని అంతా చూస్తున్నారు.

"పదిమందికి పడవలు పెద్దగా కనపడతన్నాయి. ఆయనకి ఆయన నీడే పెద్దగా కనపడతంది" అన్నారావిడ.

మిషను సర్దుకుంటుంటే నాకు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

జరీ అంచు తెర

గోడ వల్లే కుదరలేదని, తెర ఉంటే కుదురుతుందని సంఘంలో కుర్రకారుకి తోచింది. రెడీమేడ్ తెర తెస్తానన్నాను. నేసేవాళ్లం మేముండగా గుడ్డ బయట కొనడమేంటని వాళ్లకి రోషం వచ్చింది. అతుకు లేకుండా వెడల్పు మగ్గం మీద వాళ్లే నేశారు. వారం తర్వాత రమ్మని కబురు పెడితే వెళ్లాను.

అంత అందమైన తెర నా సర్వీసులో చూడలేదు. సన్నటి నూలు, చేత్తో పట్టుకుంటే పొగమంచులా ఉంది. చుట్టూ జరీ అంచు వేశారు.

"తెరకి జరీ ఎందుకండీ?" అని అడిగాను.

"మా మగ్గం మీంచి దిగిన గుడ్డ అంచు లేకుండా ఎలా వెళ్తుందండీ?" అన్నారు భాస్కర్రావుగారు. ఆయన మొహంలో నవ్వులాట ఏమీ లేదు.

హాలు మధ్యలో వాసానికి కట్టారు. మిషను వేశాను. వెలుగు సగం తెర మీద ఆగింది, సగం తెరలోంచి దూరి అవతలికి పోయింది. తెరంటే వెలుగుని ఆపి మన వైపు తిప్పి కొట్టాలి, దానికి దళసరి గుడ్డ కావాలి. వీళ్లు కట్టుకునే చీరలాగే నేశారు. చీర ఎంత పల్చగా ఉంటే అంత గొప్ప కదా వాళ్లకి. బొమ్మ వెలవెలబోయింది. భాస్కర్రావుగారు తల పట్టుకున్నారు. ముందే దళసరిగా నేయమని ఎందుకు చెప్పలేదని నన్నడిగారు. నన్నడిగితే కదండీ చెప్పడానికి అన్నాను. మాటా మాటా పెరిగింది.

ఈ గొడవలో సూరన్నగారి సంగతి ఎవరూ చూడలేదు. ఆయన తెర నేత ఎలా ఉందో చేత్తో చూద్దామని లేచి, అంచు తడుముకుంటూ తెర వెనక్కి వెళ్లారు. కాసేపటికి ఆయన గొంతు అక్కడి నుంచి వినపడింది.

"మంగా. ఇలా రా."

అందరం వెనక్కి వెళ్లాం. ఆయన ముక్కు తెరకి ఆనించి నుంచున్నారు. ఇవతలికి దూరిపోయిన వెలుగుతో బొమ్మ ఈ వైపు కూడా పడింది. ఇక్కడ ఆయన ఎంత దగ్గరికి వెళ్లినా నీడ లేదు, మిషను తెరకి ఆ పక్కన ఉంది కాబట్టి. తెరచాప తాళ్లు ఒక్కొక్కటే వేలితో చూపించి, ఇది పచ్చ, ఇది మెరూన్ అని చెబుతున్నారు. సరిగ్గా చెబుతున్నారు.

"కానీ అంతా తిరగబడి ఉంది కదండీ" అన్నాను. తెర వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది మరి.

"మగ్గం మీద కూర్చున్నవాడికి చీరెప్పుడూ తిరగేసే కనపడుద్దమ్మా" అన్నారు సూరన్నగారు. "మంచి వైపు కిందకుంటది. ముప్పై ఏళ్లు నేను చూసింది ఈ వైపే." మళ్లీ తెరలోకి చూసి, "మీ వైపు నించి పడవలు ఊళ్లోకి వస్తన్నట్టు ఉంటాయి. నా వైపు నించి సముద్రంలోకి పోతన్నట్టు ఉంటాయి. అంతే తేడా" అన్నారు.

అందరం తేలికపడ్డాం. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. ఆయన కంటి వెంట నీళ్లు కారడం మొదలైంది. మిషను ఎదురుగా ఉంది, తెర పల్చన, లెన్సు వెలుగు తెరలోంచి సూటిగా వచ్చి కంట్లో గుచ్చుకుంటోంది. మండుటెండలో అద్దం చూపించినట్టే. ఆ కన్నొక్కటే మిగిలింది ఆయనకి. నేనే మిషను ఆపేశాను.

ఎవరూ అడగని మిషను

తోవ దొరికింది, దానికి తగ్గ మిషను కావాలి. వెలుగు కంట్లో పడకూడదంటే మిషనుని నేల మీద పెట్టి కింద నుంచి పైకి వేయాలి. అలా వేస్తే బొమ్మ కింద ఇరుగ్గా, పైన వెడల్పుగా చేటలా వస్తుంది. దాన్ని సరిచేసే మీట మిషన్లలో ఉంటుంది. ఆ మీట బొమ్మని లోపల నొక్కి సాపు చేస్తుంది, దాంతో కొన్ని గళ్లు లావుగా, కొన్ని సన్నంగా అయిపోతాయి. సినిమా చూసేవాళ్లకి తెలీదు. గళ్లు చూసి గీసేవాడికి అది పనికిరాదు.

అమలాపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ముక్తేశ్వరం రోడ్డు దగ్గరికి వచ్చేసరికి గుర్తొచ్చింది. రాజుగారి షాపులో అటక మీద పాత మిషను ఒకటి ఉంది. ఇంట్లో సినిమాలు చూడ్డానికని ఎవరో తెప్పించుకుని, వెలుగు చాలడం లేదని తిప్పి ఇచ్చేసినది. దానికి పైన చిన్న చక్రం ఉంటుంది. అది తిప్పితే మిషను కదలకుండా లోపలి లెన్సు ఒక్కటే పైకీ కిందకీ జరుగుతుంది. బొమ్మ ఎత్తుకి వెళ్తుంది, గళ్లు చెదరవు.

రాజుగారు దాని దుమ్ము ఊదుతూ, "ఇదెందుకమ్మా, దీనికి పిల్లికూన కంట్లో ఉన్నంత వెలుగు కూడా లేదు. పైగా బల్బు పాతది, ఎప్పుడు పోతుందో చెప్పలేను" అన్నారు. అంత తక్కువ వెలుగే నాకు కావాలన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, నువ్వు వ్యాపారానికి పనికిరావని అన్నారు. అని, మిషను మాత్రం ఇచ్చారు.

కొత్తగా వచ్చేవాళ్లు ఇది వినండి. తక్కువ ధరలో మంచి మిషను అంటూ విడిగా ఏదీ ఉండదు. ఒకరికి పనికిరానిది ఇంకొకరికి సరిపోతుంది. చూసే మనిషి తెలిస్తేనే ధర చవకో ప్రియమో తెలుస్తుంది.

భాస్కర్రావుగారికి నచ్చలేదు. కొత్తది చూపించి పాతది అంటగడుతున్నారా అని మొహం మీదే అడిగారు. ఆయన తప్పు లేదు, సంఘానికి జవాబు చెప్పుకోవాలి. పైగా బల్బు సంగతి నేనే ముందు చెప్పాను, ఇవాళ పోవచ్చు, ఆర్నెల్లు ఉండొచ్చు అని. "మరి పోయేదాన్ని ఎవరు కొంటారండీ?" అన్నారు. పైట పూర్తయ్యేదాకా ఊరికే ఉంచుతాను, అప్పటికీ నచ్చకపోతే తీసుకుపోతాను, నచ్చితే బల్బు పోయిన రోజు మళ్లీ మాట్లాడుకుందాం అన్నాను. సరే అన్నారు, కానీ మనసులో సరే లేదు.

పైట

సూరన్నగారింట్లో మగ్గం ఉండే గదిలోనే తెర కట్టాం. మిషను నేల మీద పీట వేసి పెట్టాను. తెరకి ఒక పూత గంజి పెట్టమని సూరన్నగారే చెప్పారు. దారాల సందులు పూడి వెలుగు మెత్తబడింది. ఆయన తెర వెనక కుర్చీలో, మంగమ్మగారు ఇవతల కెమెరా కింద గళ్ల కాగితం ముందు. ఆవిడ కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి ఆయన చెప్పిన గళ్లకి రంగులు నింపుతూనే ఉన్నారట. ఆయన వెనక నుంచి వేలితో తెరని నొక్కుతారు. ఇవతల ఆ చోటు చిన్న బుడిపెలా ఉబుకుతుంది. ఆవిడ ఆ గడి నింపుతారు. కుడి ఎడమల తికమకే లేదు.

తికమక లేదు కానీ తగువు ఉంది.

"అంత గట్టిగా నొక్కకండి. తెర చిరుగుద్ది."

"చిరగదు. మనవాళ్లు నేసింది."

"ఇక్కడ పచ్చ వద్దండీ, చాలా పచ్చ అయిపోయింది."

"తెరచాపకి గాలెక్కిన చోట పచ్చ ఉండాలి మంగా."

"గాలికి రంగుంటదా ఏంటండీ?"

నేను రోజూ వెళ్లేదాన్ని. వెళ్లాల్సిన పని లేదు, మీట నొక్కడం మంగమ్మగారు నేర్చుకున్నారు. అయినా ఇంట్లో ఉండలేక వెళ్లేదాన్ని. మిషను పక్కన నేల మీద కూర్చుని ఫ్యాను వింటూ ఉండేదాన్ని. బల్బు అప్పటికే కాస్త పసుపు తిరుగుతోంది. అది నాకు ఒక్కదానికే తెలుసు. ఒక్కోసారి రెప్పపాటు మినుకుమనేది. సూరన్నగారు వెనక నుంచి, "ఏంటమ్మా సత్యవతీ, మబ్బేసిందా?" అనేవారు. ఆయ్, మబ్బేనండీ అనేదాన్ని.

ఆఖరి తెరచాప మిగిలిన రోజు మధ్యాహ్నం భాస్కర్రావుగారు వచ్చారు. కన్నాలు కొట్టేవాళ్లు కాగితం కోసం ఎదురుచూస్తున్నారని, ఇంక ఆగలేరని చెప్పారు. ఆయన మాట పూర్తయ్యేలోగా కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిపోయింది. నేను మిషను మీద చెయ్యి వేశాను, కాలుతోంది. ఇంట్లో ఉన్న విసనకర్ర తీసుకుని మిషను గాలి కన్నాల్లోకి విసరడం మొదలుపెట్టాను. పనికొస్తుందో లేదో తెలీదు, చేతులు ఊరుకోవు. మంగమ్మగారు తలుపు తీశారు. గదిలోకి వెలుతురొచ్చింది. భాస్కర్రావుగారు కాగితం మీదకి వంగి, మిగిలినవి అట్టే లేవు, అవి మీకు తెలిసినవే కదండీ, నింపేసి ఇచ్చేయండి అన్నారు. ఆవిడ ఒకసారి తెర వైపు చూశారు. ఆవిడ గుమ్మం వెలుగులో కూర్చుని గబగబా నింపేశారు.

"అయిపోయిందండీ. పట్టికెళ్లండి" అన్నారు.

"ఉండండి. కరెంటు రానీండి" అన్నారు సూరన్నగారు వెనక నుంచి.

"ఇంకా చూడ్డానికి ఏముందండీ, అమ్మగారు వేసేసేరు కదా" అన్నారు భాస్కర్రావుగారు.

"ఆవిడ వేస్తదని నాకూ తెలుసు బాబూ. నేను చూడాలి."

భాస్కర్రావుగారు చెప్పులు వేసుకున్నవారు మళ్లీ విప్పి అరుగు మీద కూర్చున్నారు. మంగమ్మగారు అందరికీ మజ్జిగ ఇచ్చారు. నేను గదిలోకీ అరుగు మీదకీ తిరుగుతూనే ఉన్నాను. బల్బు పోయి ఉంటే ఈ సాయంత్రంతో ఆయన పని కూడా పోయినట్టే. అది ఆయనకి తెలుసు, నాకు తెలుసు, భాస్కర్రావుగారికీ తెలుసు.

కరెంటు వచ్చింది, అందరం గదిలోకి వెళ్లాం. వెంటనే వేస్తే బల్బు తట్టుకోదు, వేడి పూర్తిగా దిగాలి. చెయ్యి పెట్టి చూశాను, ఆగాను. మళ్లీ చూశాను. వేయమ్మా అని మంగమ్మగారు మెల్లిగా అన్నారు. తలుపు మూయించి మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. బొమ్మ రాలేదు. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. అప్పుడు తెర మధ్యలో గోధుమ రంగుగా చిన్న మచ్చ పుట్టి, పెద్దదై, తెల్లబడి, తెరచాపలన్నీ ఒక్కసారి నిలబడ్డాయి.

సూరన్నగారు ఒక చివర నుంచి మొదలుపెట్టారు. వేలు తెర వెనక మెల్లిగా నడుస్తోంది, ఆ బుడిపె ఒక పడవ దాటి ఇంకో పడవకి పోతోంది. ఆఖరి తెరచాప దగ్గర ఆగింది.

"మంగా, ఇక్కడ తాడు తెగింది."

మంగమ్మగారు కాగితం మీదకి వంగి చూశారు. తెరచాప నుంచి పడవకి దిగే తాడులో ఒక్క గడి ఖాళీగా ఉంది. తొందరలో వదిలేశారు. వదిలేశానని ఒప్పుకోవడం మాత్రం ఇష్టం లేదు ఆవిడకి.

"ఒక్క పోగు లేకపోతే పడవేం మునగదు లెండి."

"మునగదు. తాడు తెగిన తెరచాప గాలి ఎటు లాగితే అటు పోద్ది. నింపు."

ఆవిడ నింపారు. భాస్కర్రావుగారు నుంచునే ఉన్నారు. కాగితం అందుకోవడానికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ గడి గుమ్మం వెలుతురులో ఆయన కళ్ల ముందే ఖాళీగా ఉంది, ఆయనా చూశారు, నేనూ చూశాను, మాకు కనపడలేదు.

"సత్యవతిగారూ, ఆ మిషను మళ్లీ అమలాపురం పట్టికెళ్లకండి" అన్నారాయన. "సంఘానికి నేను చెప్పుకుంటాను. మ్యాచులు మేం టీవీలో చూసుకుంటాం."

బల్బు ఎక్కువ కాలం ఉండదని మళ్లీ చెప్పబోయాను. విన్నానండీ అన్నారు. కరెంటు మళ్లీ పోయేలోగా మిషను చల్లార్చి ఆపేస్తే మంచిదని, మీట మీద వేలు పెట్టాను.

"ఇంకా ఆపకమ్మా" అన్నారు సూరన్నగారు తెర అవతల నుంచి. "చూస్తన్నాను."